చేపలా అని అడిగాను, సీల్ సంగతి అడగలేదు: ఒక వేటగాడి వేలు కేసు

(రోగి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

మే మొదటి వారం, శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. కెనడా ఉత్తరాన ఉన్న నూనవుట్‌లో, బాఫిన్ దీవి తూర్పు తీరంలోని ఒక చిన్న ఊరి హెల్త్ సెంటర్ నుంచి నర్సు చేసింది. ఆ ఊళ్లో డాక్టర్ ఉండడు. నూనవుట్ మొత్తం మీద ఉన్నవే 25 ఊళ్లు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. రోజువారీ వైద్యం అంతా నర్సుల చేతి మీదే నడుస్తుంది. మాలాంటి వాళ్లం కొన్ని వారాలకోసారి విమానంలో వెళ్లి వస్తాం, మిగతా రోజుల్లో ఫోన్‌లో దొరుకుతాం.

"నలభై దాటిన మగమనిషి. ఎడమ చూపుడు వేలు నిన్నటి నుంచి వాచింది. మధ్య కణుపు దగ్గర చిన్న గాటు ఉంది కానీ అది మానిపోయినట్టే ఉంది. జ్వరం లేదు" అంది నర్సు.

ఏమైనా కరిచిందా అని నర్సు ద్వారా అడిగాను. లేదన్నాడు. కుక్క? లేదు. చేపలు కోశాడా? ఈమధ్య కోయలేదు.

చేపల సంగతి ఎందుకు అడిగానో చెప్పాలి. ఎంబీబీఎస్ అయ్యాక రెండేళ్లు భీమవరం దగ్గర పనిచేశాను. రొయ్యల షెడ్లలో పొద్దస్తమానం తలలు తీసే ఆడవాళ్లు ఎర్రగా వాచిన వేళ్లతో వచ్చేవాళ్లు. గోరుచుట్టు అనుకుని పసుపు, సున్నం రాసుకుని, తగ్గక మా దగ్గరికి వచ్చేవాళ్లు. వాటిలో కొన్ని ఎరిసిపెలాయిడ్ కేసులు. చేపల మీద, రొయ్యల మీద ఉండే ఒక బాక్టీరియా చిన్న గాటులోంచి లోపలికి పోయి తెచ్చే జబ్బు అది. పెన్సిలిన్ జాతి మందుకు లొంగుతుంది. వాచిన వేలు అనగానే నా బుర్ర ఇప్పటికీ ముందు ఆ షెడ్లలోకే పరిగెడుతుంది.

చేపలు కాదన్నాడు కాబట్టి మామూలు సెల్యులైటిస్, అంటే చర్మం కింద పాకే ఇన్‌ఫెక్షన్, అయి ఉంటుందనుకున్నాను. సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ రాయమని, టెటనస్ ఇంజెక్షన్ ఇవ్వమని చెప్పాను. ఎలాగూ సోమవారం నేను వెళ్లే వారమే. అప్పుడు చూస్తానన్నాను.

సోమవారం మధ్యాహ్నం చూసిన వేలు సెల్యులైటిస్‌లా లేదు.

మొదటి కణుపు నుంచి గోటి దాకా వేలు వంకాయ రంగులో, నున్నగా మెరుస్తూ ఉంది. చర్మం బిగుసుకుపోయి ముడతలన్నీ మాయమయ్యాయి. వాపు మధ్య కణుపు చుట్టూ అన్నిటికంటే ఎక్కువ. చీము లేదు. చేతి మీదికి పాకిన ఎర్రగీత లేదు, చంకలో బిళ్ల లేదు. టెంపరేచర్ 37.1. ఇంత తక్కువ హడావుడి ఉన్న వేలు ఇంత నొప్పి పెట్టడమే విచిత్రం. దుప్పటి అంచు తగిలితే మెలకువ వస్తోందట. మూడు రాత్రులుగా నిద్ర లేదని భార్య చెప్పింది. మూడు రోజులు సెఫలెక్సిన్ మింగినా వాపు పెరిగిందే గానీ తగ్గలేదు.

"నొప్పి బాగా ఉందా?" అని అడిగాను. ఆయన నా వైపు చూశాడు, మాట్లాడలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చూపు. పక్కనున్న ఇంటర్‌ప్రెటర్ నవ్వి, "రెండుసార్లు అవునన్నాడు కదా డాక్టర్" అంది. ఇక్కడ అవును అనడానికి కనుబొమ్మలు పైకెత్తుతారు, కాదు అనడానికి ముక్కు ముడుస్తారు. అప్పటికి నేను నూనవుట్ వెళ్లడం మొదలుపెట్టి ఏడాది దాటింది, అయినా నా కంటికి అది ఇంకా అలవాటు కాలేదు. మనం తల అడ్డంగా ఊపితే అవునో కాదో తెలియక ఉత్తరాది వాళ్లు తికమక పడినట్టే, ఇక్కడ నా పని.

అప్పుడు ప్రశ్నలు ఆపేశాను. ఈ గాటు ఎప్పుడు, ఎలా పడిందో ఆ రోజు కథంతా మొదటి నుంచి చెప్పమన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. బయట వెయిటింగ్ రూమ్‌లో జనం ఉన్నారు, నాకు లోపల కాస్త టెన్షన్‌గానే ఉంది. ఈ కేసు మొత్తానికి పనికొచ్చినవి మాత్రం ఆ ఇరవై నిమిషాలే.

అంతకు ముందు శనివారం, అంటే నేను చూసిన రోజుకు తొమ్మిది రోజుల ముందు, పదమూడేళ్ల కొడుకుని స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద ఎక్కించుకుని మంచు మీదికి వెళ్లాడు. అక్కడ మంచు అంటే గడ్డకట్టిన సముద్రం. దాని కింద ఉండే చిన్న సీల్‌ని (చేపలా ఈదే, పాలిచ్చే సముద్రపు జంతువు) అక్కడి స్థానిక ఇనూయిట్ ప్రజలు నత్సిక్ అంటారు. అది గాలి పీల్చాలి, పైన మూత పడినట్టు మంచు. అందుకని శరదృతువులో సముద్రం గడ్డకట్టడం మొదలైనప్పుడే ముందు రెక్కల గోళ్లతో మంచుని గీకుతూ కన్నం తెరిచి ఉంచుకుంటుంది. మంచు మందం పెరిగే కొద్దీ గీకుతూనే ఉంటుంది. చలికాలం ముగిసేసరికి కొన్ని చోట్ల మంచు 2 మీటర్ల మందం ఉంటుంది, కన్నం మాత్రం మూసుకుపోదు. అడుగున సీల్ ఒళ్లు పట్టేంత వెడల్పు, పైన చిన్న రంధ్రం, దాని మీద మంచుపొడి కప్పు. ఆ కన్నం పేరు అగ్లు. ఒక్కో సీల్‌కి ఇలాంటివి చాలా ఉంటాయి. ఈసారి ఏ కన్నంలోంచి పైకొస్తుందో దానికే తెలియాలి.

పూర్వం అగ్లుని కుక్కలు వాసన పట్టి చూపించేవి. ఈయన మంచు తీరు చూసి, సన్నటి కడ్డీతో పొడిచి కనుక్కున్నాడు. కన్నం మధ్య భాగం ఎక్కడుందో, అది నిలువుగా దిగిందో వాలుగా దిగిందో చూసుకుని, కదిలిన మంచుపొడిని మళ్లీ కప్పేశాడు. సన్నటి పుల్ల ఒకటి కన్నంలోకి దించి పెట్టాడు. సీల్ పైకొస్తే దాని ముందు నీళ్లు లేస్తాయి, నీళ్లతో పాటు పుల్ల కదులుతుంది. కొన్ని ప్రాంతాల్లో పుల్లకి బదులు హంస నూగు ఈక పెట్టేవాళ్లు, సీల్ ఊపిరికి అది వణికేది.

ఇక ఎదురుచూడటమే. కొడుకుని కారిబూ (ధ్రువప్రాంతపు జింక) తోలు ముక్క మీద నిలబెట్టాడు. కాళ్లు చల్లబడకుండా ఉండటం ఒక కారణం. అసలు కారణం చప్పుడు. ఆ చలిలో మంచుపొడి మీద అడుగు కదిపితే కిర్రుమంటుంది, ఆ చప్పుడు మంచులోంచి నీళ్లలోకి దిగుతుంది, సీల్ ఇంకో కన్నానికి వెళ్లిపోతుంది. సున్నాకి 15 డిగ్రీల దిగువన, నడుం వంచి, రెండు గంటలకు పైగా. పిల్లాడు ముక్కు కూడా తుడుచుకోలేదని చెప్పేటప్పుడు తండ్రి మొహంలో మొదటిసారి నవ్వు చూశాను.

తుపాకీ ఉంది కదా, ఈ తిప్పలు ఎందుకు అని అడిగాను. తుపాకీ వేరేచోట వాడతాడు. కన్నం దగ్గర కాల్చితే సీల్ చచ్చి కూడా మంచు కిందికి జారిపోవచ్చు. హార్పూన్‌కి తాడుంటుంది. దాని మొన మామూలు బల్లెం మొనలా కర్రకి బిగించి ఉండదు. పొడవగానే కర్ర నుంచి ఊడి, చర్మం కిందికి పోయి, తాడు బిగుసుకోగానే అడ్డం తిరుగుతుంది. కాజాలోంచి దూరిన గుండీ అడ్డం తిరిగి ఆగినట్టు. ఎంత గింజుకున్నా బయటికి రాదు. తోలుతాడు ఉగ్‌జుక్ అనే పెద్ద సీల్ చర్మంతో చేసింది, ఆయన తండ్రి వాడినదే.

పుల్ల లేచింది. పిల్లాడు నిట్టనిలువుగా పొడిచాడు. తండ్రి తాడు పట్టుకున్నాడు. తూక్ అనే ఉలితో కన్నం పెద్దది చేసి ఇద్దరూ కలిసి సీల్‌ని పైకి లాగారు. ముందు ఫ్లాస్కులోంచి మంచినీళ్లు దాని నోట్లో పోశారు. ఉప్పునీళ్లలో బతికే జీవానికి తియ్యటి నీళ్ల దాహం ఉంటుందని, ఆ దాహం తీరిస్తే దాని ఆత్మ తృప్తిగా వెళ్లి మళ్లీ సీల్‌గా వస్తుందని పెద్దల మాట. తర్వాత పొట్ట కోసి, ఆవిర్లు కక్కుతున్న కాలేయంలోంచి ముక్క తీసి పిల్లాడి చేతిలో పెట్టాడు.

అక్కడే జరిగింది. తాడు లాగి లాగి వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. కుడిచేతి కత్తి జారి ఎడమ చూపుడు వేలి కణుపు మీద పడింది. చిన్న గాటే. మంచుపొడి అద్ది, టేపు చుట్టి పని కానిచ్చాడు. టేపు తడిసి ఊడిపోయింది. ఆ తర్వాత గంటసేపు అదే చెయ్యి సీల్ కొవ్వులో, రక్తంలో ఉంది.

శుక్రవారం నర్సుకి ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. ఇంటర్‌ప్రెటర్ రెండు రకాలుగా అడిగింది. చివరికి ఆయన అన్నది ఇది: ఈ నెలలో ఈ ఊళ్లో సీల్‌లో చెయ్యి పెట్టనివాళ్లు ఎవరున్నారు? మన దగ్గర కోతల కాలంలో వచ్చిన రైతు నేను పొలం వెళ్లానని ప్రత్యేకంగా చెప్తాడా? చెప్పడు, డాక్టరుకి తెలుసనుకుంటాడు.

అప్పటికి నా మనసులో పేరు వచ్చేసింది. సీల్ ఫింగర్. పాఠంలో ఒక లైను చదివిన జబ్బు, చూడటం అదే మొదలు. నార్వే సీల్ వేటగాళ్లు దీన్ని స్పెక్‌ఫింగర్ అనేవాళ్లు, అంటే కొవ్వు వేలు. అక్కడి డాక్టర్లు 1907లోనే రాసిపెట్టారు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో కణుపు పాడై, కీలు బిగుసుకుపోయి, నొప్పి ఓర్చుకోలేక వేలు తీయించుకున్న నావికులు ఉన్నారు. దానికి కారణం ఏ క్రిమో చాలా కాలం అంతు చిక్కలేదు. సీల్ కరిచిన ఒక అక్వేరియం ట్రైనర్ వేలి నుంచి, కరిచిన ఆ సీల్ పళ్ల నుంచి మైకోప్లాస్మా అనే ఒకే రకం క్రిమి దొరికిందని 1998లో రిపోర్టు వచ్చాక బొమ్మ కొంత స్పష్టమైంది.

మైకోప్లాస్మా అనగానే నా తప్పు నాకు అర్థమైంది. సెఫలెక్సిన్, పెన్సిలిన్ లాంటివి బాక్టీరియా చుట్టూ ఉండే గోడని కట్టనివ్వకుండా చంపుతాయి. మైకోప్లాస్మాకి గోడే ఉండదు. గోడ లేని ఇంటికి కన్నం వేయమని దొంగని పంపినట్టు పంపాను ఆ మందుని.

డిఫరెన్షియల్‌లో, అంటే ఇంకే జబ్బు అయి ఉండొచ్చని, ఏమేం ఆలోచించానో చదివే డాక్టర్ల కోసం రాస్తున్నాను. ఎరిసిపెలాయిడ్ అయితే కణుపు ఇంతగా దెబ్బతినడం అరుదు, సెఫలెక్సిన్‌కి ఈపాటికి తగ్గుముఖం పట్టేది. వేలిని మడిచే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) తొడుగులో చీము పట్టిందేమోనన్నది అసలు భయం, ఎందుకంటే అదైతే ఆ పూటే విమానం పిలవాలి. కానీ వేలిని మెల్లగా చాపితే నొప్పి కీలు దగ్గరే ఉంది, అరచేతి వైపు ఆ టెండన్ పొడవునా నొక్కితే లేదు. సీల్ పాక్స్ (సీళ్ల నుంచి అంటే వైరస్ జబ్బు) అయితే పుండు కనిపించాలి. చేపల తొట్టెల్లో పట్టుకునే మైకోబాక్టీరియం ఇంత త్వరగా రాదు, వారాలు తీసుకుంటుంది. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) ఎప్పుడూ లేదు. ఎక్స్‌రేలో ఎముక బాగుంది, చుట్టూ వాపు మాత్రమే. గాటు పడ్డాక అయిదో రోజు వాపు మొదలవడం సీల్ ఫింగర్‌కి సరిగ్గా సరిపోతుంది. ల్యాబ్ రుజువు నా దగ్గర లేదు. ఆ క్రిమిని పెంచి చూసే సౌకర్యం అక్కడ లేదు, ఉన్నా ఫలితం కోసం ఆగే జబ్బు కాదు. చరిత్ర, వేలు, ఆ తర్వాత మందుకి వచ్చిన జవాబు, ఈ మూడిటి మీదే ఈ డయాగ్నసిస్ నిలబడింది.

డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. టెట్రాసైక్లిన్ జాతి మందు గోడతో పని లేకుండా ప్రోటీన్ తయారీని ఆపుతుంది. వేలిని మడిచీ మడవని స్థితిలో రెండు రోజులు పట్టీ కట్టి, మూడో రోజు నుంచి కదిలించడం మొదలుపెట్టమన్నాను. కనీసం నాలుగు వారాలు, అవసరమైతే ఆరు వారాలు మందు.

ఇదంతా చెప్తుండగా వెయిటింగ్ రూమ్ నుంచి ఒక పెద్దావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆవిడ బీపీ చూపించుకోడానికి వచ్చింది, ఈయనకి చుట్టం కూడా. ఇక్కడ పిల్లాడి మొదటి వేట పిల్లాడిది కాదు, పుట్టినప్పుడు బొడ్డు కోసిన ఆవిడకి ఇవ్వాలి. ఇప్పుడు కాన్పులన్నీ దూరంగా ఆస్పత్రుల్లో కాబట్టి బొడ్డు కోసేది ఆస్పత్రి వాళ్లే. ఈ పిల్లాడికి మొదటి బట్టలు తొడిగింది ఈవిడ, అందుకని ఆ సీల్ ఈవిడ ఇంటికి చేరింది. ఈయన వేలు చూసి, ఏమీ మాట్లాడకుండా తన కుడిచేతి చిటికెన వేలు నా ముందు పెట్టింది. కర్రలా నిటారుగా ఉంది. మిగతా నాలుగు వేళ్లూ మడిచింది, అది మడవలేదు.

చిన్నప్పుడు తల్లితో కలిసి తోళ్లు గీకుతుంటే వచ్చిందట. ఆ రోజుల్లో ఏడాదికోసారి వేసవిలో డాక్టర్లని తెచ్చే ఓడ ఒకటి వచ్చేది. 1950 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు తిరిగిన సీ.డీ. హౌ అనే ఓడ అది. ఎక్స్‌రేలో క్షయ కనిపిస్తే మనిషిని ఓడ దిగనివ్వకుండా దక్షిణాదికి తీసుకుపోయేవాళ్లు. కొందరు ఏళ్ల తర్వాత వచ్చారు, కొందరు అక్కడే పోయారు, ఎక్కడ పాతిపెట్టారో కుటుంబానికి చెప్పినవాళ్లు లేరు. ఈవిడ తల్లి ఆ భయంతో పిల్ల చేతికి మిటెన్ (వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే చేతి తొడుగు) తొడిగి వేలు కనపడనివ్వలేదు. సముద్రపు తల్లి సెడ్నా వేళ్లు తండ్రి నరికేస్తే అవే సీళ్లయ్యాయని ఇక్కడ కథ ఉంది. నేను దాని మీద ఏదో చమత్కారం అనబోయి, ఆవిడ చిటికెన వేలు చూసి ఊరుకున్నాను.

మందు రాయడం తేలికైంది. కష్టం తర్వాత వచ్చింది.

నాలుగు వారాలు సీల్‌లో చెయ్యి పెట్టొద్దు అన్నాను. ఆయన ముక్కు ముడిచాడు. ఈసారి నాకు ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు.

మే, జూన్‌లలో సీళ్లు మంచు మీదికెక్కి ఎండ కాచుకుంటాయి. ఇలా పడుకున్న సీల్‌ని ఊత్తుక్ అంటారు. కునుకు తీస్తుంది, తల ఎత్తి చుట్టూ చూస్తుంది, మళ్లీ కునుకు. వేటగాడు తెల్లగుడ్డ తెర ఒకటి ముందు పెట్టుకుని, తల దించినప్పుడు పాకుతూ, ఎత్తినప్పుడు రాయిలా ఆగుతూ దగ్గరికి వెళ్తాడు. ఏడాదిలో వేటకి ఇదే మంచి కాలం. ఊళ్లో కొట్టుకి వచ్చే సరుకంతా విమానంలోనో వేసవి ఓడలోనో రావాలి, ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. సీల్ మాంసంలో ఇనుము గొడ్డు మాంసం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆయన తెచ్చే సీల్ ఆయన ఇంటి వాళ్లే తినరు, తల్లి ఇల్లు, అక్క ఇల్లు, మొగవాళ్లు లేని రెండిళ్లు కూడా దాని మీదే ఉన్నాయి. నేను రాసే రెస్ట్ ఆయనొక్కడికే కాదు.

భార్యకి గ్లోవ్స్ వేసుకోమన్నాను. తోలు తీసి శుభ్రం చేసేది ఆవిడే, ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో. ఆవిడ మర్యాదగా విని, నర్సు ఇచ్చిన గ్లోవ్ తొడుక్కుని చూపించింది. కొవ్వు అంటగానే ఉలు పిడి చేతిలో జారింది. "చేతికి తెలియకపోతే తోలు చిరుగుతుంది" అంది. తోలుకి ఇప్పుడు పాత ధర లేదు. 1983లో యూరప్ తెల్లబొచ్చు సీల్ పిల్లల తోళ్లని నిషేధించినప్పుడు వీళ్లు వేటాడే సీళ్ల తోలు ధర కూడా కూలిపోయింది. 2009లో యూరప్ పెట్టిన నిషేధంలో ఇనూయిట్‌కి మినహాయింపు ఉంది, కొనేవాళ్లు మాత్రం కాగితంలోని మినహాయింపు చదివి రారు. చిరిగిన తోలైతే అసలే ఎవరూ కొనరు. నేను ఇంకేం మాట్లాడలేదు. గాటు పడితే వెంటనే సబ్బుతో కడిగి, మానేదాకా ఆ ఒక్క వేలికైనా తొడుగు వేయమన్నాను. దానికి ఒప్పుకుంది.

ఆయనతో కుదిరిన ఒప్పందం: వేటకి వెళ్తాడు, కాలుస్తాడు, కానీ కోయడు. కోసేది కొడుకు, ఎడమచేతికి మందపాటి గ్లోవ్‌తో. నేర్పడానికి వంక దొరికిందని తండ్రికి సంతోషం, నాకు తెలిసి పిల్లాడికి కాదు.

రెండు రాత్రుల తర్వాత, బుధవారం పొద్దున, ఆయన నిద్రపోయాడని నర్సు చెప్పింది. వారానికి వంకాయ రంగు పోయి మామూలు ఎరుపు వచ్చింది. అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా పన్నెండో రోజున ఫోన్. ముక్కు, చెంపలు, చేతుల వెనకభాగం కాలినట్టు ఎర్రబడ్డాయి. డాక్సీసైక్లిన్ వాడుతుంటే ఎండ పడదు. మే రెండో సగం నుంచి అక్కడ సూర్యుడు అస్తమించడు, కింద మంచు అద్దంలా ఆ ఎండని మళ్లీ మొహం మీదికి కొడుతుంది. నేను మందు పేరు చెప్పాను, పాలతో వేసుకోవద్దన్నాను, వేసుకున్నాక వెంటనే పడుకోవద్దన్నాను. ఎండ మాట మర్చిపోయాను. భీమవరంలో ఎండ గురించి చెప్పకుండా ఈ మందు రాసేవాణ్ణి కాదు. ఆర్కిటిక్ కదా, ఎండేమిటి అనుకుని ఉంటాను. ఆయన సొంతంగా మూడు రోజులు మందు ఆపేశాడు. మొహానికి గుడ్డ, జింక్ ఉన్న క్రీమ్, చేతులకి గ్లోవ్స్ ఏర్పాటు చేసి మళ్లీ మొదలుపెట్టించాం. మొత్తం ఆరు వారాలు వాడాడు.

జూలైలో చూసినప్పుడు వాపు లేదు, నొప్పి లేదు. పిడికిలి బిగిస్తే చూపుడు వేలి కొస అరచేతిని పూర్తిగా తాకదు, మధ్యలో పెన్సిల్ పట్టేంత సందు మిగిలింది. తుపాకీ ట్రిగ్గర్ కుడిచేతిది కాబట్టి ఇబ్బంది లేదన్నాడు. తాడు పట్టు మాత్రం మునుపటిలా లేదట. రెండో రోజే ఆ మందు పడి ఉంటే ఆ సందు మిగిలేది కాదేమో.

ఆ హెల్త్ సెంటర్‌లో చేతి ఇన్‌ఫెక్షన్ల ఫారం ఒకటి ఉంది. దాని మీద మొదటి ప్రశ్నగా పెన్నుతో రాశాను: "గత మూడు వారాల్లో సీల్ కోశారా, తోలు తీశారా?" నర్సు అది చదివి, "ఈ ఊళ్లో దీనికి అందరూ కనుబొమ్మలే ఎత్తుతారు డాక్టర్" అంది. అయినా కొట్టేయలేదు.